మిషన్ ముందు కూర్చోనా, పుస్తకం తియ్యనా?

ఈ నెల ఉత్తరాలన్నీ ఒకదానికొకటి చుట్టాల్లా వచ్చాయి. కడుపుతో ఉన్న అమ్మాయిలు, ఒక అత్తగారు, ఒక మొగుడు. అందుకే పచ్చళ్ల ప్రశ్నలు, చీర మరకల ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా, నాకు ఆరో నెల. డిసెంబరులో డెలివరీ. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. ఆఫీసు పని ఇంటి నుంచే, సాయంత్రం ఐదు దాటితే ఖాళీ. బిడ్డకి కావాల్సినవన్నీ నా చేత్తోనే చెయ్యాలని మహా సరదా. జుబ్బాలకి గుడ్డ తెచ్చి పెట్టాను, స్వెట్టర్ వెనక భాగం అయింది, దుప్పటికి క్రోషా అంచు సగంలో ఉంది. ఇటు చూస్తే ద్వారకానగర్ లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలు బల్ల మీద అలాగే ఉన్నాయి. కుడుతుంటే చదవట్లేదని బాధ, చదువుతుంటే పని అవ్వట్లేదని టెన్షన్. పుట్టాక ఏదీ కుదరదని అందరూ భయపెడుతున్నారు. బిడ్డ పుట్టిన నెలకి మా అమ్మ దగ్గరికి పాడేరు వెళ్తాను. ఈ మూడింటినీ ఎలా సర్దుకోను?

జవాబు: మూడింటినీ రోజూ సమానంగా పంచాలని చూస్తున్నావు, చిక్కంతా అక్కడే ఉంది. గంట మిషన్, గంట అల్లిక, గంట పుస్తకం అని టైంటేబుల్ వేసుకుంటే నాలుగు రోజులకే నడుం పట్టేసి మూడూ మూలన పడతాయి. రోజుల లెక్క వదిలేసి నెలల లెక్కన పంచుకో. మిషన్ పని ఇప్పుడే చేసెయ్, అల్లిక ఆ తర్వాత, పుస్తకం మాత్రం మొదట్నుంచి చివరిదాకా.

మిషన్ ముందు ఎందుకంటే దానికి ఒళ్లు సహకరించాలి. ఎనిమిదో నెల వచ్చేసరికి నీకూ మిషన్‌కీ మధ్య బిడ్డ అడ్డం వచ్చి కూర్చుంటుంది, చేతులు చాచి, మెడ ముందుకి వంచి కుట్టాల్సొస్తుంది, అక్కణ్ణుంచి మొదలవుతుంది నడుం నొప్పి. ఇప్పుడైతే ఇంకా దగ్గరగా కూర్చోగలవు. గుడ్డ మాత్రం నేల మీద పరిచి వంగి కత్తిరించకు, భోజనాల బల్ల మీద పరుచుకో. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి. ఇది ఊరికే పెద్దవాళ్ల చాదస్తం కాదు, గర్భంతో ఉన్నప్పుడు రక్తం మామూలు కంటే తేలిగ్గా గడ్డ కడుతుంది, కాళ్లు కదపకుండా గంటల తరబడి కూర్చోవడం మంచిది కాదు. తొక్కుడు మిషన్ అయితే కాళ్లు ఆడుతున్నాయి కదా అంటావేమో, పాదం ఆడినంత మాత్రాన నడిచినట్టు కాదమ్మా.

ఇక బిడ్డకి నిజంగా ఎన్ని కావాలి? ఇది లెక్కేసుకుంటే నీ టెన్షన్ సగం పోతుంది. పుట్టిన బిడ్డ బరువు ఐదారు నెలలకి రెట్టింపవుతుంది. అంటే నువ్వు ముచ్చటపడి డజన్లకొద్దీ కుట్టిన చిన్న జుబ్బాలు సంక్రాంతి దాటి కొన్నాళ్లకే బిగుతైపోతాయి. చిన్న సైజువి ఐదారు కుట్టి ఆపు, మిగతా గుడ్డని మూడు నాలుగు నెలల సైజుకి ఉంచు. గోచీ గుడ్డలకైతే కొత్త గుడ్డ దండగ. బాగా వాడిన నూలు చీర ఒకటి తియ్యి, ఐదున్నర మీటర్ల పొడవు, మీటరు పైచిలుకు పన్నా ఉంటుంది, 55 సెంటీమీటర్ల చదరం ముక్కలు కత్తిరిస్తే ఇరవై వస్తాయి. చుట్టూ మడత కుట్టు వేస్తే చాలు, ఒక మధ్యాహ్నం పని.

జుబ్బాకి పల్చటి మల్లు గుడ్డే మేలు. పూర్ణా మార్కెట్ వైపు కొట్లలో కొన్నా, మీ కాలనీలో కొన్నా ముందు రెండు సార్లు తడిపి గంజి వదిలించి ఆరేశాకే కత్తిరించు, లేకపోతే కుట్టాక ముడుచుకుపోతుంది. పొందూరు ఖద్దరు వాడొచ్చా అని కిందటి నెల ఒకావిడ అడిగారు. వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికి నేసే ఆ గుడ్డ మెత్తదనం గురించి చెప్పేదేముంది, కానీ ఆ ధర పెట్టి కొన్న గుడ్డ మీద బిడ్డ పాలు కక్కినప్పుడల్లా ప్రాణం గిలగిల్లాడుతుంది. మల్లు గుడ్డతో పోనిద్దురూ.

మల్లుకి 16 నంబరు సూది వాడకు, దారాలు లాగేసి కుట్టు పొడుగునా చిల్లులు పడతాయి, 11 నంబరు వెయ్యి. మన ఊళ్లో ఇంకో తంటా ఉంది, సముద్రం గాలి. వర్షాలు పడే ఈ రోజుల్లో మిషన్ వాడకుండా వారం వదిలేశావంటే సూదికి తుప్పు పడుతుంది. మొన పక్కన కంటికి ఆననంత గోధుమరంగు చుక్క ఉంటుంది, అది చూసుకోకుండా తెల్ల గుడ్డ మీద నడిపిస్తే ప్రతి కుట్టు దగ్గరా చిన్న మరక, సాలు పొడుగునా. ఉతికినా పోదు. మొదలుపెట్టే ముందు సూదిని తెల్ల గుడ్డపేలికతో తుడిచి చూడు, మరక అంటితే సూది మార్చెయ్, సూది దగ్గర బేరం ఆడకు. మిషన్‌కి నూనె వేశాక ముందు పాత గుడ్డ మీద నాలుగు సాళ్లు కుట్టాకే జుబ్బా పెట్టు.

జుబ్బా కుట్టు మడతలు బయటికే రానీ. చూడ్డానికి బాగోదని మా తరం వాళ్లు కూడా మొదట్లో ఒప్పుకోలేదు గానీ, లోపలికి పెడితే చంకల కింద ఆ గరుకంతా బిడ్డ ఒంటికి రాసుకుంటుంది. బొత్తాలు వద్దు, ఊడి నోట్లోకి పోతాయి. ముందు వైపు తెరుచుకునేలా కుట్టి, పక్కన ముడి వేసే చిన్న నాడాలు పెట్టు. మెడ దగ్గర మాత్రం పొడుగు తాడు ఏదీ ఉండకూడదు.

ఇప్పుడు స్వెట్టర్ సంగతి. విశాఖలో పెరిగే బిడ్డకి ఊలు స్వెట్టర్ ఎందుకు, జనవరిలో కూడా చెమటకాయలు పేలతాయి అని అనబోయాను, పాడేరు అన్నావు కాబట్టి నోరు మూసుకున్నాను. ఆ కొండల్లో ఆ నెలల్లో చలి చలే. అయితే అక్కడికి వెళ్లేసరికి బిడ్డకి నెల నిండుతుంది, చలికాలం పోయేలోపు మూడో నెల వస్తుంది. పుట్టినప్పుడు ఛాతీ చుట్టుకొలత 33 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, నువ్వు ఆ కొలతకే అల్లుతుంటే అది తొడిగేలోపు చాలకుండా పోతుంది. చుట్టూ 46 సెంటీమీటర్లు వచ్చేలా అల్లు. వెనక భాగం అయిపోయింది కదా, కొలిచి చూసుకో, చిన్నదైతే విప్పాలేమోనని ఏడవకు, ముందు భాగాలు రెండూ కాస్త వెడల్పుగా అల్లితే సరిపోతుంది.

డిసెంబరుకే పూర్తవ్వాలన్న గొడవ కూడా లేదని అర్థమైందా? చేతులు ఖాళీగా ఉన్న ఎనిమిది, తొమ్మిది నెలల్లో సోఫాలో వీపు వెనక దిండు పెట్టుకుని అల్లుకోవచ్చు. ఈ ఉక్కపోతలో ఇనుప సూదులు చెమటకి జారుతాయి, ఊలు అంటుకుపోతుంది, వెదురు సూదులు వాడి చూడు. ఏ డిజైనూ లేని సాదా వరసలైతే కళ్లతో పని లేదు, చెవులు ఖాళీ. ఆకాశవాణి పెట్టుకో, లేదా ఫోన్లో కథ ఎవరైనా చదివి వినిపిస్తుంటే వింటూ అల్లుకో. చదవట్లేదన్న బాధ కొంత అక్కడే తీరుతుంది. డిజైన్ వరసలు మాత్రం కథ వింటూ మొదలెట్టకు, హత్య ఎవరు చేశారో తెలిసేసరికి కుట్లు తప్పుతాయి.

చేతికి తొడిగే మేజోళ్లు, కాళ్ల సాక్సులు అల్లేవాళ్లందరికీ ఒక మాట. లోపలి వైపు తిప్పి వేలాడే దారపు కొసలన్నీ కత్తిరించాలి. ఆ దారం బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు, బిడ్డ ఎందుకు గుక్కపెట్టి ఏడుస్తోందో ఎవరికీ అర్థం కాదు. క్రోషా దుప్పటికి కూడా కన్నాలుంటాయి, వేళ్లు ఇరుక్కుంటాయి. దాన్ని ఒళ్లో వేసుకోవడానికి, బయటికి తీసుకెళ్లేటప్పుడు చుట్టడానికి ఉంచుకో. బిడ్డని పడుకోబెట్టాక పక్కలో వదులుగా ఏ దుప్పటీ వదలకూడదు, ఏడాది నిండేదాకా.

ఇక పుస్తకం. దాన్ని పనుల జాబితాలోంచి తీసెయ్. జుబ్బాలు బిడ్డవి, స్వెట్టర్ బిడ్డది, నీకంటూ ఉన్నది అదొక్కటే. ఇంటికొచ్చిన చుట్టాలు కుడుతున్న కోడల్ని చూసి మెచ్చుకుంటారు, చదువుతున్న కోడల్ని చూసి "ఖాళీగా ఉన్నావా అమ్మా" అని ఓ పని చెబుతారు. అందుకే నువ్వు కూడా కుడుతున్నప్పుడు తప్పు చేస్తున్నట్టు అనుకోవు, చదివేటప్పుడే అనుకుంటావు. ఆ తప్పు భావన ముందు వదిలించుకో. లైబ్రరీ నుంచి ఒకేసారి సంచి నిండా తెచ్చుకోకు, ఒకటి తెచ్చుకో, చదివి ఇంకోటి తెచ్చుకో, ఆ వంకన బయట నడిచినట్టూ ఉంటుంది. ఎడమ పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని చదువు. బిడ్డ కదలికలు బాగా తెలిసేది కూడా అప్పుడే. ఏడో నెల దాటాక ఆ కదలికలు రోజూ ఉన్నట్టు లేవనిపిస్తే పుస్తకం మూసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి, రేపు చూద్దాం అనకూడదు. పాడేరు ఘాట్ రోడ్డులో మాత్రం పుస్తకం తియ్యకు, వేవిళ్లు మళ్లీ గుర్తొస్తాయి.

ప్రశ్న: అమ్మా, మాది గాజువాక. మా కోడలికి ఏడో నెల. పొద్దస్తమానం సూది పట్టుకునే ఉంటుంది. గ్రహణం రోజున కూడా మాననంటోంది, అలా చేస్తే బిడ్డకి మొర్రి వస్తుందని మా పెద్దలు చెప్పారు. పైగా బిడ్డ పుట్టకముందే కొత్త బట్టలు కుట్టకూడదంటారు కదా. చెబితే వినదు, మా అబ్బాయి దానికే వంత పాడతాడు. మీరైనా చెప్పండి.

జవాబు: అమ్మా, మీ భయం బిడ్డ మీది ప్రేమే, అందులో సందేహం లేదు. కానీ ఈ విషయంలో మీ కోడలి పక్షమే నేను. బిడ్డ పై పెదవి అతుక్కునేది గర్భం వచ్చిన నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల. అంగిలి తొమ్మిదో వారానికి. కొందరికి అప్పటికి నెల తప్పిందన్న సంగతి గట్టిగా తెలిసి కూడా ఉండదు. ఏడో నెల కోడలు గ్రహణంలో సూది పట్టుకున్నా, కత్తి పట్టుకున్నా ఎప్పుడో ఏర్పడిపోయిన పెదవి మళ్లీ చీలదు. మొర్రికి కుటుంబంలో ఉన్న వారసత్వం ఒక కారణం, తల్లి పొగ తాగడం, కొన్ని రకాల మందులు కూడా కారణాలే. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోమంటారు చూశారూ, రోజుకి 400 మైక్రోగ్రాములు, ముఖ్యంగా వెన్నుపాము లోపాలు రాకుండా ఉండటానికి, అలాంటి జాగ్రత్త అక్కడ పనికొస్తుంది. ఒకవేళ ఎవరింట్లోనైనా మొర్రితో బిడ్డ పుడితే ఆపరేషన్‌తో సరిచేస్తారు, ఆ తల్లిని "గ్రహణంలో ఏం చేశావ్" అని మాత్రం అడగకండి, అసలే బెంగతో ఉన్న మనిషి.

అయినా గ్రహణం మహా అయితే మూడు నాలుగు గంటలు. మీ మనశ్శాంతి కోసం ఆ కాసేపు సూది పక్కన పెట్టమని మీ కోడలికి కూడా చెబుతున్నాను, పోయేదేం లేదు, ఆ టైంలో ఓ నవల చదువుకోవచ్చు. మీరు మాత్రం ఆ వంకన మంచినీళ్లు, తిండి మానిపించకండి. ఏడో నెల మనిషిని గంటల తరబడి పస్తు పెట్టి, తలుపులు మూసి ఉక్కలో కూర్చోబెడితే కళ్లు తిరిగి పడుతుంది, అది నిజమైన ప్రమాదం. సూర్యగ్రహణాన్ని కళ్లతో నేరుగా చూడకూడదన్నది మాత్రం అందరికీ వర్తించే మాట, కడుపుతో ఉన్నవాళ్లకే కాదు.

బట్టల సంగతి వేరు. వెనకటి రోజుల్లో పుట్టిన బిడ్డలు దక్కడమే గగనంగా ఉండేది, ముందే ఆశ పెట్టుకుని అన్నీ సిద్ధం చేసుకుంటే తర్వాత ఆ బట్టలు చూసి కుమిలిపోతారని అలా అనుకుని ఉంటారు. ఇప్పుడు ఆస్పత్రికి వెళ్లేటప్పుడే బిడ్డ బట్టల సంచి తెచ్చుకోమంటున్నారు కదమ్మా. మీ పట్టింపు పోకుండా ఒక దారి చెబుతాను. మీ పాత నూలు చీరలు రెండు మీరే కోడలికి ఇవ్వండి, గోచీ గుడ్డలు, బొంత కుట్టమనండి. కొత్త బట్టలు కావు, మీ చీరలు. మెత్తగా ఉంటాయి, పసిబిడ్డ ఒంటికి అంతకంటే మంచివి లేవు. బొంత కుట్టు మీకూ వచ్చే ఉంటుంది, కోడలికి నేర్పండి, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుంటే సగం తగాదా ఉండదు.

ప్రశ్న: సీతమ్మధార నుంచి రాస్తున్నాను మేడమ్. ఎనిమిదో నెల. అల్లుతుంటే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి నిద్రలో కూడా మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. అల్లడం ఎక్కువై ఇలా అయిందా?

జవాబు: అల్లిక వల్ల పెరిగి ఉండొచ్చు గానీ మూలం అది కాకపోవచ్చు. ఆఖరి నెలల్లో ఒంట్లో నీరు చేరి మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటుంది, ఆ నరం వెళ్లేది సరిగ్గా నువ్వు చెప్పిన వేళ్లకే. దీన్ని కార్పల్ టనెల్ అంటారు, గర్భిణుల్లో మామూలే, చాలామందికి కాన్పయ్యాక కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అప్పటిదాకా అల్లికకి సెలవు, కనీసం సన్న సూదులకైనా. రాత్రి మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచే పట్టీ మందుల షాపుల్లో దొరుకుతుంది, డాక్టరుకి చెప్పి కట్టుకో. పుస్తకం కూడా చేత్తో పైకెత్తి పట్టుకోకు, పొట్ట మీద దిండు పెట్టి దాని మీద ఆనించు.

అదే ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, మసక, పక్కటెముకల కింద నొప్పి, వీటిలో ఏది వచ్చినా వెంటనే బీపీ చూపించుకోవాలి. అర్ధరాత్రైనా సరే.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను మద్దిలపాలెం నుంచి. మా ఆవిడకి ఏడో నెల. రాత్రి పదకొండు దాకా డిటెక్టివ్ నవలలు చదువుతుంది. కడుపులో బిడ్డ అవన్నీ వింటుంది, భక్తి పుస్తకాలు చదవమని మా అమ్మ గొడవ. అభిమన్యుడి కథ చెప్పి మరీ వాదిస్తోంది. నేను ఎవరి వైపు మాట్లాడాలి? ఇంకొకటి, తనకి కుట్టుపని ఇష్టం, శ్రీమంతానికి మోటారు మిషన్ కొనిద్దామనుకుంటున్నాను.

జవాబు: బాబూ, అభిమన్యుడు విన్నది సుభద్ర మనసులో చదువుకున్నది కాదు, పక్కన మాట్లాడుతున్నది. మీ ఆవిడ మౌనంగా చదువుకునే నవలలో హత్యలు ఎన్ని జరిగినా బిడ్డకి తెలిసే వీలు లేదని మీ అమ్మగారికి ఆ కథతోనే చెప్పు.

గొంతు వినడం మాత్రం నిజమే. ఏడో నెలకి బిడ్డ చెవులు బాగా పనిచేస్తాయి, అన్నిటికంటే ఎక్కువ వినిపించేది తల్లి గొంతు. పుట్టి మూడు రోజులైనా నిండని పిల్లలు వేరే ఆడవాళ్ల గొంతు కంటే సొంత తల్లి గొంతు వినడానికే ఎక్కువ ఇష్టపడ్డారని 1980లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక పరిశోధనలో చూపించారు. పాలపీక చీకే తీరుని బట్టి ఏ గొంతు వినిపించాలో పిల్లలే నిర్ణయించుకునేలా ఏర్పాటు చేశారట. వాళ్లకి నచ్చింది గొంతు, అందులో పురాణమా పోలీసు కథా అని కాదు. మీ అమ్మగారికి భక్తి పుస్తకం మీద అంత ఇష్టముంటే రోజూ సాయంత్రం ఆవిడే కోడలి పక్కన కూర్చుని పైకి చదవచ్చు. నానమ్మ గొంతు కూడా పడుతుంది బిడ్డ చెవిన, కోడలు హాయిగా వింటూ అల్లుకుంటుంది. నువ్వూ చదువు, సిగ్గుపడకు.

పదకొండు దాకా మేలుకోవడం గురించి అడగలేదు గానీ చెబుతున్నాను. ఆ వేళకి గానీ ఆవిడ చేతికి పుస్తకం ఎందుకు రావట్లేదో చూడు. రాత్రి గిన్నెలు, వంటిల్లు సర్దడం నీ వంతు చేసుకుంటే తొమ్మిదికే చదివి పదికి పడుకుంటుంది.

మోటారు మిషన్ ఇప్పుడు వద్దు. కొత్త మిషన్‌కి చెయ్యి అలవాటవడానికే టైం పడుతుంది, ఎనిమిదో నెలలో తను కూర్చోలేదు, ఆ తర్వాత దాని మీద మడతపెట్టని బట్టలు పేరుకుంటాయి. ఉన్న మిషన్‌కే మోటారు బిగించొచ్చు, అది కూడా బిడ్డ పుట్టి ఆరేడు నెలలయ్యాక తననే అడిగి చెయ్యి. ఇప్పుడైతే వీపు ఆనే కుర్చీ ఒకటి, ఎడమ పక్క నుంచి వెలుతురు పడే లైటు ఒకటి కొను. కుట్టుకీ చదువుకీ రెండిటికీ పనికొస్తాయి. శ్రీమంతం రోజున కుర్చీ ఇస్తే అందరూ నవ్వుతారు, నవ్వనీ.

ప్రశ్న: బాలింతలు చదివినా కుట్టినా కళ్లు పోతాయంటున్నారు, నిజమేనా? (అక్కయ్యపాలెం నుంచి)

జవాబు: పోవు. నిద్ర లేక కళ్లు మండుతాయి, పాలిచ్చే తల్లికి అది ఎలాగూ ఉంటుంది. బిడ్డ పడుకున్నప్పుడు ముందు నువ్వు పడుకో, నిద్ర చాలిందనిపిస్తే చదువు. బిడ్డకి పాలు పట్టేటప్పుడు ఒక చెయ్యి ఖాళీగా ఉంటుంది కాబట్టి పల్చటి పుస్తకమైతే సులువు, లావు నవల బిడ్డ మీద పడుతుంది. సూది మాత్రం బిడ్డ పక్కలో ఉన్నంతసేపూ ఆ మంచం మీదికి తేకు, ఒక్కోసారి దుప్పట్లో కలిసిపోయి వెతికినా దొరకదు. అద్దాలు మార్చుకోవాలనుకుంటే కాన్పై రెండు మూడు నెలలు ఆగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లు, గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీటి వల్ల పవర్ కాస్త అటూ ఇటూ అవుతుంది, అప్పుడు చేయించిన అద్దాలు తర్వాత పనికిరాకుండా పోవచ్చు.